ఎంసెట్‌కు ఇంకా వారమే ఉంది, ఫిజిక్స్ సగం మిగిలిపోయింది

సిరిసిల్ల_బాయ్ (గురువారం, రాత్రి 11:48)
నా ఎంసెట్ (తెలంగాణ ఇంజినీరింగ్ ఎంట్రన్స్) వచ్చే గురువారం, మధ్యాహ్నం స్లాట్, 3 నుంచి 6. హాస్టల్ హైదరాబాద్‌లో ఉండేది కాబట్టి అక్కడి జోన్ పెట్టుకున్నాను, సెంటర్ ఘట్‌కేసర్ వైపు పడింది. సోమవారం హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చాను. లెక్కలు పర్వాలేదు, గ్రాండ్ టెస్టుల్లో (పూర్తి పేపర్ నమూనా పరీక్షలు) 80కి 48, 50 వస్తున్నాయి. కెమిస్ట్రీ 40కి 22 దగ్గర ఆగింది. ఫిజిక్స్ మాత్రం 12 దాటడం లేదు. సెకండియర్‌లో కరెంట్ ఎలక్ట్రిసిటీ తర్వాత ఒక్క చాప్టర్ కూడా గట్టిగా చదవలేదు. అప్పుడు జ్వరం వచ్చి ఇరవై రోజులు ఇంట్లో ఉన్నాను, తర్వాత ఎంత పరిగెత్తినా క్లాసును అందుకోలేకపోయాను. జేఈఈ మెయిన్స్ పర్సంటైల్ చూశాక ఆ ఆశ పోయింది, నాకు మిగిలింది ఎంసెట్ ఒక్కటే (పేరు ఎప్‌సెట్ అయినా మా ఇంట్లో ఎంసెట్ అనే అంటారు).

కాలేజీ వాళ్లు రోజూ ఒక గ్రాండ్ టెస్టు లింకు పంపుతున్నారు. రాయకపోతే నాన్నకు ఫోన్ చేస్తున్నారు. రాస్తే మూడు గంటలు, తప్పులు చూసుకుంటే ఇంకో రెండు గంటలు, ఇక చదవడానికి రోజు మిగలడం లేదు. రాత్రి రెండింటి దాకా కూర్చుని పొద్దున తొమ్మిదింటికి లేస్తున్నాను. నిన్న సర్కిల్స్ తెరిస్తే రాడికల్ యాక్సిస్ కొత్తగా చూస్తున్నట్టు అనిపించింది, చాలా భయమేసింది. ఫిజిక్స్ వదిలేసి మిగతా రెండూ గట్టి చేసుకోవాలా, లేక ఈ వారమంతా ఫిజిక్స్‌కే ఇవ్వాలా? నాన్న సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తాడు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ అని ఇంట్లో అడగలేను.

గుంటూరు_మిర్చి
ఫిజిక్స్ వదిలెయ్ తమ్ముడూ. 40 మార్కుల సబ్జెక్టు ఏడు రోజుల్లో ఎవరికీ రాదు. లెక్కలు 50 నుంచి 60 చేసుకుంటే అదే నిన్ను మోస్తుంది. నేను రెండేళ్ల కింద ఏపీలో రాశాను, ఫిజిక్స్‌లో 14 తోనే సీటు వచ్చింది.

ఓరుగల్లు_సెకండియర్
నాదీ అదే రోజు, పొద్దున స్లాట్. నీకు ఫిజిక్స్, నాకు కెమిస్ట్రీ, అంతే తేడా. ఆర్గానిక్ పేరు వింటేనే చేతులు చల్లబడుతున్నాయి. ఈ చర్చ నాకూ కావాలి.

లెక్కల_మాస్టారు
ఇంటర్‌కు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి 19 ఏళ్లు. గుంటూరు బాబు చెప్పినదానితో సగమే ఏకీభవిస్తాను. ఫిజిక్స్ మొత్తం పట్టుకోవద్దు, మొత్తం వదలనూ వద్దు.

బాబూ, ముందు పేపర్ గుర్తు తెచ్చుకో. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, ఒక్కోటి ఒక్క మార్కు. నెగెటివ్ మార్కులు లేవు. అంటే ప్రశ్న కష్టమైనదైనా తేలికైనదైనా ఒకటే ధర. మూవింగ్ చార్జెస్‌లో నాలుగు నిమిషాలు కుస్తీ పడితే వచ్చేదీ ఒక్క మార్కే, డైమెన్షనల్ ఫార్ములా చూడగానే గుర్తుపడితే వచ్చేదీ ఒక్క మార్కే. కాబట్టి నీకు కావలసింది ఫిజిక్స్ అంతా కాదు, ఫిజిక్స్‌లో చవగ్గా దొరికే మార్కులు. ప్రమాణాలు మితులు, డ్యూయల్ నేచర్, ఆటమ్స్, న్యూక్లియై, సెమీకండక్టర్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్ వేవ్స్. చిన్న చాప్టర్లు, సూత్రాలు పదో పదిహేనో ఉంటాయి, ప్రశ్న ఎక్కువగా ఒక్క అడుగులో తేలిపోతుంది. ఉదాహరణకు వర్క్ ఫంక్షన్ 2 ఎలక్ట్రాన్ వోల్టులు, త్రెషోల్డ్ వేవ్‌లెంగ్త్ ఎంత అంటాడు. ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగాల లబ్ధం ఈ యూనిట్లలో 12400, దాన్ని 2తో భాగించు, 6200 ఆంగ్‌స్ట్రామ్‌లు. పది సెకన్ల పని. ఈ 12400 తెలియని పిల్లవాడు ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగం, కూలంబులు అన్నీ గుణించుకుంటూ రెండు నిమిషాలు పోగొట్టుకుంటాడు.

రోజుకు మూడు గంటలు, నాలుగు రోజులు ఈ చాప్టర్లకే ఇవ్వు. 12 కాస్తా 18 అవుతుంది. 30 అవుతుందని నేను చెప్పను. ఆ 6 మార్కులు లెక్కల్లో ఇప్పుడు తెచ్చుకోవడం ఇంతకంటే కష్టం, ఎందుకంటే 50 దాకా వచ్చినవాడికి తేలికైనవి అప్పటికే అయిపోయి ఉంటాయి.

గుంటూరు_మిర్చి
సార్ చెప్పింది ఒప్పుకుంటాను, వదిలెయ్ అన్నది తొందరపడి అన్నాను. కానీ సార్, నాలుగు రోజులు కొత్త చాప్టర్లు చదివితే పాతవి ఎప్పుడు తిరగేస్తాడు? రాడికల్ యాక్సిస్ మర్చిపోయానని అతనే రాశాడు కదా.

లెక్కల_మాస్టారు
మర్చిపోలేదు బాబూ, అలసిపోయాడు. రాత్రి రెండింటికి తెరిస్తే నాకూ గుర్తురాదు. పొద్దున తెరిచి, రాడికల్ యాక్సిస్ సూత్రం ఎస్ మైనస్ ఎస్ డ్యాష్ ఈక్వల్ టు జీరో అని ఒక్కసారి చేత్తో రాసుకుంటే దాని చుట్టూ ఉన్నవన్నీ తిరిగొస్తాయి. చదివింది ఎక్కడికీ పోదు, పిలిస్తే వస్తుంది. పిలవడమే ఈ వారం పని.

ఓయూ_అన్న
సిరిసిల్ల తమ్ముడికి ఒకే మాట చెబుతాను, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. నేను ఇంటర్ రెండేళ్లూ జేఈఈ బ్యాచ్‌లో ఉన్నాను. తెలియని ప్రశ్న ముట్టుకోవద్దు, మైనస్ పడుతుంది అని రెండేళ్లు చెవిలో పోశారు. ఎంసెట్ హాల్లో కూడా చెయ్యి అలాగే ఆగిపోయింది. సమయం అయిపోయాక చూస్తే 22 ప్రశ్నలు ఖాళీ. నెగెటివ్ లేదని నాకు తెలుసు! తెలిసి కూడా వదిలేశాను, అలవాటు అంత బలంగా ఉంటుంది. 22 గుడ్డిగా పెట్టినా లెక్క ప్రకారం ఐదు మార్కులు వచ్చేవి. నేను ఉన్న చోట ఐదు మార్కులంటే బ్రాంచి మారిపోయేది. నువ్వూ మెయిన్స్ రాశానన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పటి నుంచి రాసే ప్రతి టెస్టులో ఒక్కటి కూడా ఖాళీ వదలకుండా సబ్మిట్ చెయ్, చేతికి ఆ అలవాటు పోవాలి.

సిరిసిల్ల_బాయ్
అన్నా, ఇప్పుడే నిన్నటి టెస్టు తెరిచి చూశాను. 17 ఖాళీ వదిలాను. మీరు చెప్పేదాకా గమనించనే లేదు.

కోఠి_బుక్స్
ఖాళీలన్నిటికీ ఒకే ఆప్షన్ పెట్టాలి, అన్నీ 3 పెట్టు. మా బ్యాచ్‌లో అందరూ అదే చేశారు.

ఓరుగల్లు_సెకండియర్
మా సార్ అన్నీ 2 అన్నారు. ఎవరి మాట వినాలి?

లెక్కల_మాస్టారు
ఏది పెట్టినా నాలుగింట ఒకటి వచ్చే అవకాశమే. 3లో మహిమ లేదు, 2లో లేదు. ఒకే అంకె పెట్టడంలో ఉన్న లాభం ఆలోచన ఖర్చు కాకపోవడం, అంతవరకే. అసలు లాభం ముందు రెండు ఆప్షన్లు కొట్టేయడంలో ఉంది. అప్పుడది సగానికి సగం అవుతుంది.

ఎలా కొట్టేయాలో ఒకటి చేసి చూపిస్తాను. బైనామియల్‌లో అడుగుతాడు: సి నాట్ ప్లస్ 2 సి వన్ ప్లస్ 3 సి టూ, అలా (ఎన్ ప్లస్ 1) సి ఎన్ దాకా మొత్తం ఎంత (సి అంటే బైనామియల్ గుణకాలు)? ఆప్షన్లు మూడు చూద్దాం. ఒకటి, (ఎన్ ప్లస్ 2) ఇంటు 2 పవర్ (ఎన్ మైనస్ 1). రెండోది, (ఎన్ ప్లస్ 1) ఇంటు 2 పవర్ ఎన్. మూడోది, ఎన్ ఇంటు 2 పవర్ ఎన్, ప్లస్ 1. సూత్రం గుర్తు లేదనుకో. ఎన్ బదులు 1 పెట్టు. అసలు మొత్తం 1 ప్లస్ 2, అంటే 3. మొదటి ఆప్షన్ 3 ఇస్తుంది. రెండోది 4, అది పోయింది. మూడోది కూడా 3 ఇస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి, కనిపించిన 3కి సంతోషపడి తప్పు పెడతారు. ఆగొద్దు, 2 కూడా పెట్టు. అసలు మొత్తం 1 ప్లస్ 4 ప్లస్ 3, అంటే 8. మొదటిది 4 ఇంటు 2, సరిగ్గా 8. మూడోది 9. అయిపోయింది. నలభై సెకన్లు పట్టదు. ట్రిగనామెట్రీలో థీటా బదులు 0, 30, 45 పెట్టడం కూడా ఇదే పద్ధతి. ఏ విలువ పెట్టినా హారం సున్నా కాకుండా చూసుకోండి, అంతే.

పాలమూరు_పిల్ల
సార్ ఈ పోస్టు నాకు మూడేళ్ల కింద దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

లాంగ్‌టర్మ్_రెండోసారి
గ్రాండ్ టెస్టులు మానేయమని మాత్రం చెప్పకండి ఎవరూ. పోయిన ఏడాది చివరి వారం నేను ఒక్క టెస్టు కూడా రాయకుండా రివిజన్ అని కూర్చున్నాను. హాల్లో రెండు గంటలు దాటేసరికి కళ్లు లాగేశాయి, చివరి నలభై ప్రశ్నలు చదువుతున్నాను గానీ ఒక్కటీ తలకు ఎక్కడం లేదు. మూడు గంటలు స్క్రీన్ ముందు కూర్చోవడం కూడా సాధన చేయాల్సిందే. ఈసారి రోజూ రాస్తున్నాను.

ఓయూ_అన్న
రోజూ రాస్తే తప్పులు ఎప్పుడు దిద్దుకుంటావ్? చేసిన తప్పే మళ్లీ చేస్తూ ఏడు సార్లు రాయడం అవుతుంది.

లాంగ్‌టర్మ్_రెండోసారి
అన్నా, నేను దిద్దుకుంటున్నాను, రోజంతా అదే పని నాకు. నాకు కొత్తగా చదవాల్సింది లేదు. అతనికి ఉంది. అదీ నిజమే.

లెక్కల_మాస్టారు
ఇద్దరిదీ నిజం. సిరిసిల్ల బాబుకు రోజు విడిచి రోజు చాలు, అదీ చివరిది మంగళవారం. బుధవారం టెస్టు వద్దు. ఆ రోజు 70 వస్తే గురువారం దాకా ఆ అంకె మనసులో తిరుగుతూ ఉంటుంది. ఇంకొకటి, టెస్టు ఎప్పుడు రాసినా మధ్యాహ్నం 3 నుంచి 6 మధ్యే రాయి. నీ స్లాట్ అదే కదా. మేలో మూడింటికి, తిని కూర్చుంటే నిద్ర ఎలా వస్తుందో ఇంట్లోనే తెలుస్తుంది.

నిజామాబాద్_అమ్మ
నేను విద్యార్థిని కాదు, మా పాప రాస్తోంది. ఇవన్నీ చదువుతుంటే అడగాలనిపించింది. వారం నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు. అన్నం ప్లేటు లోపలికి ఇస్తే సగం తిని పెట్టేస్తోంది. ఏమైందమ్మా అంటే రివిజన్ అవుతోంది అంటుంది. నిన్న రాత్రి మాత్రం, రాకపోతే నేను మీకు ముఖం చూపించలేను అంది. మేం మార్కుల గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

పాలమూరు_పిల్ల
ఆంటీ, అనకపోయినా మాకు వినిపిస్తుంది. చుట్టాలు ఫోన్ చేసినప్పుడు మీరు గొంతు తగ్గించి "ఆ, చదువుతోంది" అంటారు చూడండి, అది కూడా వినిపిస్తుంది. మా ఇంట్లో అదే జరిగింది. నన్ను కదిలించింది మా నాన్న. ఎంతవరకు అయిందని అడగలేదు, బాగా రాస్తావులే అని కూడా అనలేదు. సాయంత్రం తాటి ముంజలు తెచ్చి నా గది గుమ్మంలో కూర్చుని వలుస్తూ, ఒకటి నాకిచ్చి ఒకటి తను తినేవాడు. మోటారు గురించి, పక్కింటి బర్రె ఈనడం గురించి చెప్పేవాడు. అరగంట. నాలుగో రోజు నేనే చెప్పాను, నాన్నా నాకు ఇంటిగ్రేషన్ రావడం లేదని. ఏడ్చాను కూడా. దాంతో తల తేలికైంది. మీరు కూడా పక్కన కూర్చోండి ఆంటీ, చదువు ఊసెత్తకుండా.

లెక్కల_మాస్టారు
అమ్మా, ముఖం చూపించలేను అన్న మాటను టెన్షన్‌లో అందిలే అని వదిలేయకండి. ఈ రోజే, ఇప్పుడే, పక్కన కూర్చుని సూటిగా చెప్పండి: ర్యాంకు ఎంతొచ్చినా నువ్వు మాకు కావాలి, సీటు కోసం ఇంకా దారులున్నాయి అని. తను ఇంకా అలాగే ఉంటే టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పాప చేయనంటే మీరే చేసి అడగొచ్చు. రాత్రి తనను ఒంటరిగా పడుకోనివ్వకండి. నా క్లాసులో కూర్చున్న పిల్లలను తలుచుకుని చెబుతున్నాను.

నిజామాబాద్_అమ్మ
ఇప్పుడే తన గదిలోకి పరుపు మార్చుకున్నాను. థాంక్స్ సార్. పాలమూరు బిడ్డా, నీకు కూడా.

గుంటూరు_మిర్చి
చర్చ పక్కకు లాగుతున్నానని అనుకోవద్దు, రెండు రాష్ట్రాల్లో రాసేవాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక మాట. తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ లేదు, ర్యాంకు పూర్తిగా ఈ పరీక్షతోనే. మా ఏపీ ఈఏపీసెట్‌లో మాత్రం ఇంటర్‌కు 25 శాతం ఉంది. ఇక్కడి లెక్క అక్కడ వేసుకుని భయపడొద్దు, ధీమా పడొద్దు.

సిరిసిల్ల_బాయ్ (శుక్రవారం, రాత్రి 9:20)
ఈ రోజు ఆరున్నరకు లేచాను. పొద్దున డ్యూయల్ నేచర్, ఆటమ్స్ అయ్యాయి, ఒక్కోదానికి గంటన్నర పట్టింది, మాస్టారు గారు చెప్పినంత చిన్నవే. సూత్రాలన్నీ ఒక అట్ట మీద రాసి తలుపు వెనక అంటించాను. ఇరవై బిట్లు చేస్తే 13 వచ్చాయి. ఫిజిక్స్‌లో సగం దాటడం నాకు ఇదే మొదటిసారి!

కానీ టెస్టు రాయలేదు కాబట్టి సాయంత్రం నాన్నకు ఫోన్ వచ్చింది.

ఓరుగల్లు_సెకండియర్
అయ్యో. ఏమన్నారు ఇంట్లో?

సిరిసిల్ల_బాయ్
ఫోన్ రాకముందే నేను నాన్నతో మాట్లాడాను. ఏడింటికి సాంచాల నుంచి వచ్చాడు, తల మీద, కనుబొమల మీద దూది అంటుకుని ఉంది, ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు. రోజు విడిచి రోజు రాస్తాను, మిగతా రోజు ఫిజిక్స్ చదువుతాను, ఎందుకంటే ఇలా అని మొత్తం చెప్పాను. ఆయనకు టెస్టు సంగతి ఎంత అర్థమైందో తెలియదు. ఫోన్ వచ్చినప్పుడు మాత్రం "మావాడు ఇంట్లనే చదువుకుంటుండు సార్, నేను చూస్తున్న" అని పెట్టేశాడు. నాన్న నా తరఫున అలా మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు.

పాలమూరు_పిల్ల
ఇది చదివి కళ్లలో నీళ్లు వచ్చాయి నిజంగా.

మెదక్_తెలుగు_మీడియం
నాకో సందేహం. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీ, తెలుగు మీడియం. కంప్యూటర్ మీద ఎప్పుడూ పరీక్ష రాయలేదు. మౌస్ పట్టుకోవడమే సరిగా రాదు. ప్రశ్నలు తెలుగులో కనిపిస్తాయా?

పాలమూరు_పిల్ల
నేనూ తెలుగు మీడియమే, తెలుగు అకాడమీ పుస్తకాలు తప్ప వేరే మెటీరియల్ లేదు. ప్రశ్న ఇంగ్లిషులో, తెలుగులో రెండిట్లోనూ ఉంటుంది. అప్లికేషన్‌లో తెలుగు పెట్టుకున్నావు కదా, హాల్ టికెట్ మీద చూసుకో. ఎక్కడైనా రెండింటికీ తేడా అనిపిస్తే ఇంగ్లిషులో ఉన్నదే లెక్క, కాబట్టి ఈ వారంలో ఒక పని చెయ్యి. పరావలయం అంటే పారాబోలా, దీర్ఘవృత్తం అంటే ఎలిప్స్, అతిపరావలయం అంటే హైపర్‌బోలా, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, వక్రీభవనం అంటే రిఫ్రాక్షన్, ఇలా ఒక వంద పదాలు రెండు వరుసల్లో రాసుకో. నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ ఉంది, బీటెక్ ఫస్టియర్‌లో కూడా అదే ఆదుకుంది.

మౌస్ సంగతి: సెట్ వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది, మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కు వెళ్లి గంట కూర్చో. ఫోన్‌లో చేస్తే లాభం లేదు, మౌస్‌తోనే చెయ్యి. ఆప్షన్ నొక్కగానే అయిపోయిందనుకోవద్దు, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలి, అప్పుడే ఆ నంబరు ఆకుపచ్చగా మారుతుంది. నేను మాక్‌లో మొదటి పది ప్రశ్నలకు ఆప్షన్ పెట్టి, పక్కనున్న నంబరు మీద నొక్కి ముందుకు వెళ్లిపోయాను. ఒక్కటీ సేవ్ కాలేదు. మాక్‌లో కాబట్టి సరిపోయింది.

మెదక్_తెలుగు_మీడియం
అక్కా రేపే వెళ్తాను. ఆ వంద పదాల కాగితం ఫోటో పెడతావా?

పాలమూరు_పిల్ల
రాత్రికి వెతికి పెడతాను. చేతిరాత బాగుండదు, సర్దుకో.

ఓఎంఆర్_కాలం
మా రోజుల్లో బబుల్స్ దిద్దేవాళ్లం, 2018 నుంచి ఇది కంప్యూటర్ మీదకు వచ్చింది. దిద్దే సమయం మిగులుతుంది మీకు, అది బాగా వాడుకోండి. ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే గొడవ. నేను లెక్కలతోనే మొదలుపెట్టమంటాను, తల తాజాగా ఉన్నప్పుడు 80 మార్కులు.

లెక్కల_మాస్టారు
లెక్కల మాస్టారిని అయినా నేను కెమిస్ట్రీతో మొదలుపెట్టమంటాను. తెలిస్తే వెంటనే తెలుస్తుంది, తెలియకపోతే ఎంత కూర్చున్నా తెలియదు. 35 నిమిషాల్లో 40 ప్రశ్నలు దాటేస్తారు. తర్వాత లెక్కలకు 95, ఫిజిక్స్‌కు 40, చివరి 10 నిమిషాలు ఖాళీలు నింపడానికి. లెక్కలతో మొదలుపెట్టిన పిల్లలు ఒక్క డెఫినిట్ ఇంటిగ్రల్ దగ్గర పంతానికి పోయి రెండు గంటలు దాటించేస్తారు, ఆపైన తెలిసిన కెమిస్ట్రీ ప్రశ్నలు చూడకుండానే బయటికి వస్తారు.

ఓఎంఆర్_కాలం
పంతం లేనివాళ్లకు లెక్కలు ముందు, పంతం ఉన్నవాళ్లకు కెమిస్ట్రీ ముందు. ఇలా ఒప్పుకుందాం సార్.

లాంగ్‌టర్మ్_రెండోసారి
సెంటర్ ముందురోజు చూసి రండి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. పోయిన ఏడాది నాది పొద్దున 9 గంటల స్లాట్. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని వెళ్తే ఆ కాలేజీ వెనక గేటు దగ్గరకు తీసుకెళ్లింది, దానికి తాళం. అవతల గేటుకు వెళ్లాలంటే ప్రహరీ చుట్టూ తిరగాలి, ఆటో లేదు. పరిగెత్తాను. 8:56కు లోపలికి వెళ్లాను. నా వెనక, తొమ్మిది దాటాక వచ్చిన అమ్మాయికి గేటు వేసేశారు. వాళ్ల నాన్న బైక్ స్టాండ్ కూడా వేయకుండా పడేసి గేటు పట్టుకుని బతిమాలాడు, తెరవలేదు. ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరన్న నిబంధన అంటే నిజంగా ఒక్క నిమిషమే. నేను కూర్చున్నాక కూడా పావుగంట చేతులు వణికాయి, ఆ అమ్మాయి ఏడుపే చెవిలో ఉంది. గంటన్నర ముందు నుంచే లోపలికి పంపిస్తారు, ముందే వెళ్లి కూర్చోండి.

సిరిసిల్ల_బాయ్
అన్నా, నేను బుధవారమే హైదరాబాద్ వెళ్తాను. ఉప్పల్‌లో మామయ్య ఇల్లు ఉంది. సాయంత్రం వెళ్లి సెంటర్ చూసుకుంటాను.

నిజామాబాద్_అమ్మ
ఏమేం తీసుకెళ్లాలో ఎవరైనా చెప్తారా? నా పని అదొక్కటే కదా.

ఓయూ_అన్న
హాల్ టికెట్, నింపిన అప్లికేషన్ ప్రింటు (దాని మీద ఫోటో అంటించి, ఎడమ బొటనవేలి ముద్ర వేయించండి, సంతకం మాత్రం అక్కడ ఇన్విజిలేటర్ ముందే చేయాలి), బాల్ పెన్ను. ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే కుల ధ్రువపత్రం కాపీ. వాచీ, ఫోన్, కాలిక్యులేటర్ ఏదీ వద్దు. రఫ్ పేపర్లు వాళ్లే ఇస్తారు, తిరిగి ఇచ్చేయాలి. ఇంకో సంగతి, పెళ్లిళ్ల కాలం కదా, పాప చేతులకు మెహందీ పెట్టుకోకుండా చూడండి. వేలిముద్ర తీసుకుంటారు, ఇబ్బంది అవుతుంది.

నిజామాబాద్_అమ్మ
ఆదివారం మా మరిది కూతురి పెళ్లి! మంచిపని అయింది చెప్పావు. పాప నిన్న రాత్రి నా పక్కన పడుకుని ఒంటిగంట దాకా మాట్లాడింది. ఈ రోజు బయటికి వచ్చి మాతో పాటు కూర్చుని తిన్నది.

ఓరుగల్లు_సెకండియర్ (మంగళవారం)
చివరి టెస్టు అయింది. 91. పోయిన వారం 84. ఆర్గానిక్ పూర్తిగా పట్టుకోలేకపోయాను గానీ పాలిమర్లు, బయోమాలిక్యూల్స్, పీ బ్లాక్ అకాడమీ పుస్తకంలోంచి లైను లైను చదివాను. ఇక పుస్తకం మూసేస్తున్నాను.

లెక్కల_మాస్టారు
మంచిది తల్లీ. బుధవారం సూత్రాల కాగితాలు తప్ప ఏదీ తెరవొద్దు. రాత్రి పదింటికి లైటు ఆర్పేయాలి అందరూ. సిరిసిల్ల బాబూ, గురువారం మధ్యాహ్నం 12 లోపే తినేసెయ్. పెరుగన్నం చాలు, బిర్యానీ వద్దు. ఎండలో వెళ్తావు, మజ్జిగ తాగి వెళ్లు.

సిరిసిల్ల_బాయ్ (గురువారం, రాత్రి 8:35)
రాసి వచ్చాను. మామయ్య ఇంట్లోంచి పెడుతున్నాను.

కెమిస్ట్రీతో మొదలుపెట్టి 38 నిమిషాల్లో పూర్తి చేశాను. లెక్కల్లో రెండు చోట్ల పంతం వచ్చింది, మాస్టారు మాట గుర్తొచ్చి వదిలేశాను. తెలిసి చేసినవి 112. రెండు ఆప్షన్లు కొట్టేసి పెట్టినవి 20. మిగతా 28 గుడ్డిగా పెట్టాను. ఖాళీ ఒక్కటి కూడా లేదు. ఫిజిక్స్‌లో తలుపు వెనక రాసుకున్న సూత్రాలతో ఆరో ఏడో నేరుగా చేశాను. ఒక ప్రశ్నకు 12400 వాడాను, ఆ అంకె రాస్తున్నప్పుడు నవ్వొచ్చింది.

కానీ బయటికి వచ్చాక అందరూ పొద్దున పేపర్ తేలిగ్గా వచ్చిందట, మనది కష్టం అంటున్నారు.

ఓరుగల్లు_సెకండియర్
పొద్దున రాసిన మేము మధ్యాహ్నం వాళ్లకు తేలిక వచ్చిందట అనుకున్నాం!

లెక్కల_మాస్టారు
ప్రతి సెషన్ బయటా ఇదే మాట వింటాను. సెషన్ల మధ్య కష్టసుఖాల తేడా సర్దడానికే నార్మలైజేషన్ ఉంది. ప్రిలిమినరీ కీ వచ్చేదాకా మార్కులు లెక్కపెట్టకు బాబూ. నాన్నకు ఫోన్ చేశావా?

సిరిసిల్ల_బాయ్
చేశాను సార్. సాంచాల చప్పుడులో సరిగా వినపడలేదు, బాగా రాశాను అని మూడుసార్లు గట్టిగా చెప్పాను. రేపు పొద్దున బస్సుకు ఇంటికి వెళ్తున్నాను.

మెదక్_తెలుగు_మీడియం
నాది రేపు పొద్దున. నెట్ సెంటర్‌లో మూడుసార్లు మాక్ రాశాను, మౌస్ ఇప్పుడు బాగానే తిరుగుతోంది. ఒక్కటే అడగాలి, నా దగ్గర నీలం పెన్ను ఒక్కటే ఉంది, నల్లది కొనాలా?

ఓయూ_అన్న
నీలం చాలు తమ్ముడూ, బాల్ పాయింట్ అయితే సరే. రెండు పెట్టుకో. ఇక పడుకో.